‘అక్షరాలా’ అనే మాట ఎలా పలచబడింది?

వ్యాఖ్యాత: నమస్కారం మాస్టారూ. మొన్న ఒక పెళ్లిలో, “భోజనాల దగ్గర జనాన్ని చూసి నాకు అక్షరాలా ప్రాణం పోయింది” అని ఒకరు అనగా విన్నాను. ఆ మాటకు అసలు అర్థం ఏమిటో చెబుతారా?

మాస్టారు: మా నాన్నగారు దస్తావేజులు రాసేవారమ్మా. ప్రామిసరీ నోటులో ‘రూ. 10,000’ అని అంకె వేశాక, పక్కనే ‘అక్షరాలా పదివేల రూపాయలు మాత్రమే’ అని రాసి, మిగిలిన ఖాళీలో ఇంకో మాట దూరకుండా చివరి దాకా గీత కొట్టేవారు. అంకె చివర సున్నా చేర్చడం ఎవరికైనా సులువే కానీ, ‘పదివేల’ను ‘లక్ష’గా దిద్దడం అంత సులువు కాదు. అంకెలకూ మాటలకూ తేడా వస్తే మాటల్లో రాసిన మొత్తమే చెల్లుతుందని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 18వ సెక్షన్ చెబుతుంది. ‘అక్షరాలా’ అంటే అంత పూచీ ఉన్న మాట.

వ్యాఖ్యాత: “ఆయన చెప్పినట్టే అక్షరాలా జరిగింది” అంటాం కదా, అది కూడా తప్పేనా?

మాస్టారు: కాదు, ఒక్క అక్షరం పొల్లు పోకుండా జరిగిందని దాని భావం. ఉత్త ఊతపదంగా వాడటం మొదలైన తరవాతనే మాట పలచబడింది.

వ్యాఖ్యాత: మాటలు మారడం సహజమేనని కొందరంటారు.

మాస్టారు: నిజమే. ‘శతశః’ అంటే వందలుగా అన్నట్టే, సంస్కృతంలో ‘బహుశః’ అంటే పలుమార్లు, ఎక్కువగా అని అర్థం. ఎక్కువగా జరిగేది ఇప్పుడూ జరగవచ్చునన్న ఊహతో కాబోలు, మనకు ‘బహుశా’ సందేహాన్ని తెలిపే మాటగా స్థిరపడింది. దానికి నాకు బాధ లేదు, ఎందుకంటే పాత అర్థానికి ‘తరచుగా’, ‘పలుమార్లు’ అనే మాటలు మనకున్నాయి. ‘అక్షరాలా’ సంగతి వేరు. “పెంచి చెప్పడం లేదు, నమ్మండి” అనడానికి వాడే మాటనే పెంచి చెప్పడానికి వాడితే, నిజం చెప్పేవాళ్ల మాట చెల్లదు.

వ్యాఖ్యాత: మీకు అలాంటి అనుభవం ఎదురైందా?

మాస్టారు: ఒక వేసవిలో మా మేనకోడలు ఊరి నుంచి ఫోన్ చేసి, “బావి అక్షరాలా ఎండిపోయింది మామయ్యా” అంది. అందరూ అనే మాటే కదా అనుకుని, “రెండు మూరల నీళ్లైనా ఉంటాయిలే” అన్నాను. వారం తరవాత వెళ్లి చేద వేస్తే అది రాతికి తగిలి ఖంగుమంది. పైకి లాగితే అడుగున కాస్త పొడి మట్టి ఉంది.