గీత మీద నీడ

శ్రోతలకు నమస్కారం.

పెరట్లో రేకుల షెడ్డో, మేడ మీద ఖాళీ గదో దొరికితే చాలు, వడ్రంగం మీద మోజున్నవాళ్లు ముందు డ్రిల్లు కొంటారు. తర్వాత రంపం, చిత్రిక, ఉలులు. లైటు సంగతి ఎవరికీ గుర్తురాదు. నాకూ రాలేదు. గది నడిమధ్య ఒక బల్బు, గోడవారన బల్ల. పనికి వంగితే బల్బు వీపు వెనక, నా తల నీడేమో సరిగ్గా పెన్సిలు గీత మీద! ఒక పీట చెక్కను గీతకు 2 మిల్లీమీటర్లు లోపలికి కోసేశాను. 9 వాట్ల బల్బు తీసి 15 వాట్లది పెట్టాను. నీడ మాత్రం ఉన్నచోటే ఉంది.

కాబట్టి వాట్ల సంగతి తర్వాత, ముందు చోటు చూసుకోండి. నాలుగడుగుల ఎల్‌ఈడీ ట్యూబులు రెండు, బల్ల పొడవునా, మీరు నిలబడేవైపు అంచుకు సరిగ్గా పైన బిగించండి. పొడుగాటి లైటు కదా, చేతికి అటూ ఇటూ వెలుతురు పడి నీడ పలచబడుతుంది.

ఇక లెక్క. 10 అడుగులకు 12 అడుగుల గది అంటే సుమారు 11 చదరపు మీటర్లు. వెలుతురును ల్యూమెన్లలో కొలుస్తారు. చెక్కపనికి చదరపు మీటరుకు 500 ల్యూమెన్లు ఉంటే హాయి. మొత్తం 5,500. 20 వాట్ల ట్యూబు దాదాపు 2,000 ఇస్తుంది. మూడు చాలనిపిస్తుంది గానీ, గోడలూ రంపపు పొట్టూ కొంత మింగేస్తాయి. బల్ల మీది రెండింటితో కలిపి నాలుగు వేసుకోండి. అరవై దాటినవాళ్లయితే ఇంకొకటి. వయసుతో కంటిలోకి చేరే వెలుతురే తగ్గిపోతుంది మరి. గోడలకు తెల్లసున్నం కొట్టిస్తే ఒక ట్యూబు కలిసొచ్చినట్టే.

చవకగా దొరికిందని ఏ లైటు పడితే అది కొనకండి. మన కరెంటు 50 హెర్ట్జ్. నాసిరకం ఎల్‌ఈడీ సెకనుకు 100 సార్లు మినుకుతుంది, మన కంటికి తెలియదు. ఆ వెలుతురులో గిర్రున తిరిగే రంపం బిళ్ల ఒక్కోసారి ఆగినట్టు కనిపిస్తుంది. ఆగిందనుకుని చెయ్యి పెడితే? ఫోన్లో స్లో మోషన్ వీడియో తీసి చూడండి. లైటు రెపరెపలాడితే షాపులో తిరిగిచ్చేయండి.

ఎంసీబీ అంటే లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయి కరెంటు ఆపేసే స్విచ్. లైట్లకు ఒక ఎంసీబీ, మెషిన్లకు వేరే ఎంసీబీ పెట్టమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి. బిళ్ల చెక్కలో ఇరుక్కుని ఎంసీబీ పడిపోయినా చీకటవదు. ఒక ట్యూబును ఇన్వర్టర్ లైనుకు కలిపించండి. అన్నట్టు, కరెంటు పోయిన వెంటనే మెషిన్ స్విచ్ కట్టేయండి. లేకపోతే కరెంటు రాగానే దానంతటదే తిరగడం మొదలెడుతుంది.

పాలిష్ వేసే ముందు మాత్రం ఈ లైట్లన్నీ ఆర్పేయండి. టార్చిని చెక్కకు దాదాపు ఆనించి, పక్కనుంచి వెయ్యండి. నా పీటను అలాగే చూశాను. అద్దంలా ఉందనుకున్న చెక్క మీద గరుకు కాగితం గీతలు దున్నిన చాళ్లలా లేచాయి. తెరిచిన పాలిష్ డబ్బాకు మళ్లీ మూత పెట్టేశాను.

సెలవు.