అమ్మకానికి లేని మాంసం: జింక సాసేజ్‌తో పదిమందికి వంట

అందరికీ నమస్కారం.

టెక్సాస్‌లో నవంబరు మొదటి శనివారం నుంచి తెల్లతోక జింకల వేట సీజన్ మొదలవుతుంది. ఆ తర్వాత రెండు మూడు వారాలకు ఆఫీసులో ఎవరో ఒకరు మన డెస్క్ దగ్గరికి వచ్చి, "డీర్ సాసేజ్ చేయించాం, ఒక ప్యాకెట్ తీసుకెళ్తారా?" అని అడుగుతారు. కాదనలేక తీసుకుంటాం. ఇంటికి తెచ్చి ఫ్రీజర్‌లో అట్టడుగున పెడతాం. ఇక్కడ కూర్చున్నవాళ్లలో సగం మంది ఇళ్లలో ఇప్పుడు కూడా అలాంటి ప్యాకెట్ ఒకటి ఉండే ఉంటుందని నా నమ్మకం. దాన్ని బయటికి తీయించి, ఈ థాంక్స్‌గివింగ్‌కో, క్రిస్మస్ పార్టీకో, ఫుట్‌బాల్ ఆట చూడ్డానికి అందరూ కలిసినప్పుడో మీ చేత వండించాలని వచ్చాను.

ముందుగా ఆ ప్యాకెట్ ఎలాంటిదో చెప్పాలి. డీర్ సాసేజ్ అంటే జింక మాంసాన్ని కొవ్వుతో కలిపి రుబ్బి, ఉప్పు, మసాలా పట్టించింది. అది కొన్నది కాదు, కొనడానికి దొరికేదీ కాదు. వేటాడిన తెల్లతోక జింక మాంసాన్ని ఈ దేశంలో అమ్మకూడదు. 19వ శతాబ్దంలో బజారులో అమ్మడానికే జింకల్ని లెక్కలేకుండా చంపారు. 1900 నాటికి దేశం మొత్తంలో కొన్ని లక్షలు మాత్రమే మిగిలాయి. ఆ ఏడాదే లేసీ చట్టం వచ్చింది. చట్టాన్ని మీరి వేటాడిన జంతువుల్ని ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తరలించి అమ్మడం నేరమైంది. రాష్ట్రాలు కూడా తమ చట్టాల్ని గట్టిపరిచాయి. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టంతో తుపాకులు, తూటాల మీద వేసే పన్ను వన్యప్రాణుల సంరక్షణకు వెళ్లడం మొదలైంది. ఇప్పుడు ఒక్క టెక్సాస్‌లోనే 50 లక్షలకు పైగా తెల్లతోక జింకలున్నాయి. షాపుల్లో, రెస్టారెంట్లలో వెనిసన్ (జింక మాంసం) పేరుతో కనబడేది చాలావరకు న్యూజిలాండ్‌లో పెంచిన ఎర్రజింకది, లేదంటే ఇక్కడి రాంచుల్లో ఉండే విదేశీ జాతులది.

అంటే మీ చేతికి వచ్చిన మాంసానికి రెండే దారులు. వేటాడినవాళ్లు తినాలి, లేదా పంచాలి. ధర కట్టలేని తిండి అది. ఒక మనిషి చలిలో తెల్లవారకముందే లేచి, గంటలకొద్దీ కదలకుండా కూర్చుని, ఆ తర్వాత చర్మం తీసి, కోసి, మాంసాన్ని రుబ్బి సాసేజ్ చేసిచ్చే ప్రాసెసర్‌కి డబ్బులు కట్టి తెచ్చుకున్నది మనకు ఊరికే ఇచ్చాడు. దాన్ని ఇంకో పదిమందికి పెట్టడమే సరైన పని అని నేను గట్టిగా నమ్ముతాను. పెట్టేటప్పుడు అందులో ఏముందో తెలుసుకుని, తినేవాళ్లకు చెప్పి పెట్టాలి. ఈరోజు నేను చెప్పే వంట సంగతులన్నీ ఆ మాట చుట్టూనే తిరుగుతాయి.

ఈ సందర్భంలో మన ఊళ్లకు సంబంధించిన ఒక విషయం కూడా చెప్పాలి. టెక్సాస్‌లో హిల్ కంట్రీ అనే కొండప్రాంతంలో యాక్సిస్ డీర్ అని గుంపులు గుంపులుగా తిరిగేది మన చుక్కల దుప్పే. 1930ల ప్రాంతంలో ఇక్కడికి తెచ్చారు. దక్షిణ టెక్సాస్ గడ్డిమైదానాల్లో తిరిగే నీల్‌గాయ్ మన మనుబోతే. ఇక్కడ ఇవి బయటి జాతులు కాబట్టి ఏడాది పొడవునా వేటాడనిస్తారు. తనిఖీ చేసిన మాంసమైతే అమ్మనిస్తారు కూడా. కానీ మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇవి రక్షిత జంతువులు. వేటాడటమూ, మాంసం దగ్గర పెట్టుకోవడమూ నేరమే. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఎవరైనా "అడవి మాంసం ఉంది" అంటే, టెక్సాస్‌లో అలవాటే కదా అని సరదాపడకండి. దయచేసి వద్దనండి.

ఇక సాసేజ్ దగ్గరికి వద్దాం. టెక్సాస్‌లోని ఊళ్లు న్యూ బ్రాన్‌ఫెల్స్‌ని 1845లో, ఫ్రెడరిక్స్‌బర్గ్‌ని 1846లో జర్మన్లు కట్టుకున్నారు. సాసేజ్ చేసే చెయ్యి వాళ్లతోనే వచ్చింది. ఇక్కడ పందులూ ఉన్నాయి, అడవి నిండా జింకలూ ఉన్నాయి. రెండూ కలిశాయి. ప్రెసిడెంట్ లిండన్ జాన్సన్ రాంచ్‌లో పొద్దుటి పలహారానికి జింక సాసేజ్ ఉండేది. ఆ ఇంటి పద్ధతిలో జింక మాంసం, పంది మాంసం సమపాళ్లలో కలిపేవారు. ఈ రోజుల్లో చాలామంది అంత పంది మాంసం వేయరు. నాలుగు పౌండ్ల జింక మాంసానికి ఒక పౌండు పంది కొవ్వు వేస్తే చాలు.

అసలు కొవ్వు ఎందుకు? జింక మాంసంలో కొవ్వు దాదాపు ఉండదు. ఉన్న కాస్త కొవ్వూ మనకు పనికిరాదు. కొద్దిగా చల్లారగానే మైనంలా గడ్డకట్టి పళ్లకు, అంగిలికి అంటుకుంటుంది. చాలామంది 'అడవి వాసన' అని ముక్కు చిట్లించేది ఎక్కువగా దాన్ని చూసే. మంచి ప్రాసెసర్ ఆ కొవ్వునీ, తెల్లటి పొరల్నీ తీసేసి, బదులుగా పంది కొవ్వు వేస్తాడు. కొందరు బీఫ్ కొవ్వు వేస్తారు. ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. ప్యాకెట్ మీద 'డీర్ సాసేజ్' అని మాత్రమే ఉంటుంది. మన కలయికల్లో బీఫ్ తినని హిందువులుంటారు, పంది మాంసం ముట్టని ముస్లిం స్నేహితులుంటారు. "జింకే కదా, తినండి" అని పెట్టేస్తే వాళ్ల నమ్మకాన్ని మనం గౌరవించనట్టే. ఇచ్చినవాళ్లను అడగండి: ఇందులో ఏ కొవ్వు కలిపారు? అలా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. తెలియకపోతే ఆ ప్యాకెట్‌ని ఇంట్లోవాళ్ల కోసం ఉంచుకోండి, పదిమందిలోకి తేకండి.

ఇంకో ప్రశ్న కూడా అడగాలి. ఈ సాసేజ్ ఒక్క జింకదేనా, పలువురి జింకల్ని కలిపి రుబ్బినదా? చాలా ప్రాసెసర్లు సాసేజ్‌కి వచ్చిన మాంసాన్ని పెద్ద మొత్తంగా కలిపేస్తారు. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అని జింకలకు వచ్చే మెదడు జబ్బు ఒకటుంది. 1967లో కొలరాడోలో మొదట గుర్తించారు. టెక్సాస్‌లో 2012లో బయటపడింది. మనుషులకు సోకినట్టు ఇప్పటిదాకా రుజువు లేదు. అయినా జబ్బు ఉన్నట్టు పరీక్షలో తేలిన జింక మాంసం తినొద్దని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. ఎంత ఉడికించినా ఆ జబ్బు కారకం నశించదు. జబ్బు కనబడిన ప్రాంతంలో వేటాడినదైతే పరీక్ష చేయించారా అని అడగడం మన హక్కు. అలాగే సీసపు తూటాలు మాంసంలో కంటికి కనబడనంత చిన్న ముక్కలుగా చిట్లుతాయి. రుబ్బిన మాంసంలో అవి అంతటా కలిసిపోతాయి. 2008లో నార్త్ డకోటాలో పేదలకు పంచడానికి ఇచ్చిన జింక మాంసంలో సీసం కనబడి, దాన్ని పారేయాల్సి వచ్చింది. సీసపు తూటాతో కొట్టిన జింక మాంసం గర్భిణులు, ఆరేళ్లలోపు పిల్లలు తినొద్దని అక్కడి ఆరోగ్య శాఖ చెప్పింది. రాగి తూటా వాడే వేటగాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. అలాంటివాళ్లు ఇచ్చిన ప్యాకెట్ అయితే నాకు మనసు కుదుటగా ఉంటుంది.

ఇదంతా విని టెన్షన్ పడకండి. రెండు మూడు ప్రశ్నలు అడిగితే తేలిపోయే సంగతులివి. అన్నిటికీ సరైన జవాబు వచ్చిందంటే ఇక వండుకోవడమే.

సాసేజ్ ఇంట్లోనే కలుపుకుంటామంటే చెబుతాను. మసాలా కలపని జింక ఖీమా నాలుగు పౌండ్లు, పంది వెన్ను కొవ్వు ఒక పౌండు. ఉప్పు 40 గ్రాములు, బరువు తూచే వేయండి, చెంచాలతో వద్దు. కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు మూడు టీస్పూన్లు, ఎండు సేజ్ ఆకు పొడి రెండు టేబుల్ స్పూన్లు, ఎండుమిర్చి పలుకులు రెండు టీస్పూన్లు, ఐస్ వాటర్ అర కప్పు. మాంసం, కొవ్వు, గిన్నె, గ్రైండర్ పళ్లు అన్నీ మంచులా చల్లగా ఉండాలి. చల్లగా లేకపోతే కొవ్వు కరిగి పూతలా అంటుకుంటుంది, మాంసం కలిసి రాదు. పెనం మీద వేస్తే కొవ్వంతా విడిగా కారిపోయి, మిగిలింది ఇసుకలా పొడిపొడిగా అవుతుంది. ఉప్పు వేశాక చేత్తో బాగా కలపండి. ముద్ద జిగటగా మారి, అరచేయి బోర్లించినా పడిపోకుండా అంటుకుంటే చాలు, ఆపేయండి. ఒక చిన్న బిళ్ల వేయించి రుచి చూసి, కావలసినవి అప్పుడు సర్దుకోండి. పచ్చి మాంసం నోట్లో పెట్టకండి.

మనవాళ్లు ఎక్కువగా చేసే పని, ప్యాకెట్ విప్పి అల్లం వెల్లుల్లి, గరం మసాలా వేసి ఖీమా కూర వండేయడం. నాకది నచ్చదు, ఎందుకో చెబుతాను. ప్యాకెట్‌లో ఉప్పు ముందే ఉంది, సేజ్ ఉంది. మన మసాలా దాని మీద పడితే రెండూ దెబ్బలాడుకుంటాయి. ఖీమా కూర కావాలంటే ప్రాసెసర్ దగ్గర మసాలా లేని గ్రైండ్ (ఉత్త ఖీమా) అడిగి తెప్పించుకోండి, అది చాలా బాగుంటుంది. సాసేజ్‌ని మాత్రం సాసేజ్‌గానే వండండి.

కలయికలకు నేను మొదట చెప్పేది చీజ్ డిప్. ఇరవై పాతిక మందికి రెండు పౌండ్ల సాసేజ్, రెండు పౌండ్ల వెల్వీటా (తేలిగ్గా కరిగే ప్రాసెస్డ్ చీజ్), పచ్చిమిర్చి కలిపిన టమాటా డబ్బాలు రెండు. ఆ డబ్బాల్లో పేరున్నది రోటెల్. 1940లలో దక్షిణ టెక్సాస్‌లోని ఎల్సా అనే చిన్న ఊళ్లో పుట్టింది. సాసేజ్‌ని వెడల్పాటి పెనంలో, నూనె ఒక చెంచా వేసి, పెద్ద మంట మీద కదపకుండా కాసేపు వదిలేయండి. అడుగు ఎర్రబడ్డాక తిప్పి చిదమండి. జింక మాంసంలో కొవ్వు తక్కువ కాబట్టి మొదటి నుంచీ కలియబెడుతూ ఉంటే నీరు వదిలి ఉడికిపోతుంది, వేగిన రుచి రాదు. ఈ డిప్ రుచంతా ఆ ఎర్రటి అడుగులోనే ఉంది. తర్వాత చీజ్, టమాటాలు వేసి సన్న మంట మీద కరిగించి స్లో కుక్కర్‌లోకి మార్చండి. ఉల్లికాడలు, కొత్తిమీర పైన చల్లండి. శాకాహారుల కోసం సాసేజ్ వేయకముందే సగం చీజ్, సగం టమాటాలతో వేరే గిన్నెలో డిప్ చేసి పెట్టండి. గరిటె కూడా వేరే ఉండాలి.

సాసేజ్ బాల్స్ పిల్లలకు ఇష్టం. బిస్క్విక్ అనే రెడీమేడ్ పిండి డబ్బా మీది పద్ధతిలో పౌండు సాసేజ్‌కి మూడు కప్పుల పిండి ఉంటుంది. అది కొవ్వున్న పంది సాసేజ్ లెక్క. జింక సాసేజ్‌కి రెండు కప్పుల పిండి, మూడు కప్పుల తురిమిన చెడ్డార్, అర కప్పు పాలు తీసుకోండి. చీజ్ ఇంట్లో తురుముకోండి, కొన్న తురుములో పిండి కలిపి ఉంటుంది. ఉసిరికాయంత ఉండలు చేసి 350 డిగ్రీల ఫారెన్‌హీట్ ఓవెన్‌లో 20 నుంచి 25 నిమిషాలు. బిస్కెట్స్ (ఇక్కడి మెత్తటి రొట్టెలు), వాటి మీద పోసే సాసేజ్ గ్రేవీ జోలికి ఇంతమందికి వెళ్లొద్దు. గ్రేవీ పావుగంటలో గట్టిపడిపోతుంది. టెక్సాస్ చిల్లీకి (ఎండుమిర్చి వేసి వండే మాంసం కూరకి) కూడా సేజ్ వేసిన సాసేజ్ నప్పదు, దానికి మసాలా లేని గ్రైండే తీసుకుని జీలకర్ర, ఎండుమిర్చి దట్టంగా వేయండి.

వేడి గురించి చెప్పి ముగిస్తాను. రుబ్బిన మాంసం లోపల 160 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 71 సెల్సియస్ చేరాలి. ముక్క మాంసంలో క్రిములు పైపైనే ఉంటాయి. రుబ్బితే లోపలికీ వెళ్తాయి. రంగు చూసి నిర్ణయించొద్దు, జింక మాంసం ముదురు రంగు కాబట్టి కన్ను మోసపోతుంది. పదిహేను డాలర్ల థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. స్లో కుక్కర్‌లో డిప్ 140 ఫారెన్‌హీట్ కంటే తగ్గకూడదు. బయట పెట్టిన బాల్స్ రెండు గంటల్లో అయిపోవాలి, లేదా ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. ఎండలో, 90 దాటిన వేడిలో అయితే ఒక్క గంటే. మిగిలింది మర్నాడు తినేముందు పొయ్యి మీదో ఓవెన్‌లోనో 165కి వేడి చేయండి. చల్లటి డిప్‌ని నేరుగా స్లో కుక్కర్‌లో పెట్టి వేడెక్కించొద్దు, చాలాసేపు గోరువెచ్చగా ఉండిపోతుంది.

గిన్నె ముందు ఒక చీటీ పెట్టండి: జింక మాంసం, పంది కొవ్వు, పాలు, గోధుమ. వేటాడి ఇచ్చినవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేరు కూడా రాయండి.

ఆ కిటికీ పక్క బల్ల మీద మూడు పాత్రలున్నాయి. ఎడమవైపుది సాసేజ్ లేని డిప్, మధ్యలోది సాసేజ్ డిప్, కుడివైపు పళ్లెంలో బాల్స్. అన్నిటికీ చీటీలు పెట్టాను, చదివి తీసుకోండి. మీరు తింటూ అడిగే ప్రశ్నలకు ఇక్కడే ఉండి జవాబు చెబుతాను.