నెలసరి ఆగితే అండాశయం ఆగినట్టేనా?

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పొందుతూ, ఇంకా ముట్లుడగని స్త్రీలకు అండాశయాల పనిని ఆపడానికి ఇచ్చే ఇంజెక్షన్ల గురించి ఈ రోజు క్యాన్సర్ వైద్య నిపుణురాలు మీ సందేహాలకు సమాధానాలు చెబుతారు. మొదటి ఫోన్ తీసుకుందాం.

శ్రోత: నమస్కారం డాక్టరు గారూ. మా ఆవిడకు 44 ఏళ్లు. ఆపరేషన్ అయ్యాక టామాక్సిఫెన్ మాత్ర ఒక్కటే రాశారు. ఆమెతో పాటు చికిత్స పొందిన మరొకావిడకు ఇంజెక్షన్ కూడా ఇస్తున్నారు. మా విషయంలో ఏమైనా పొరపాటు జరిగిందేమోనని భయంగా ఉంది.

డాక్టర్: కీమో ఇచ్చారా అండీ?

శ్రోత: లేదండీ. గడ్డ చిన్నదేననీ, చంకలోకి పాకలేదనీ చెప్పారు.

డాక్టర్: అయితే దాన్ని పొరపాటు అనుకోకండి. హార్మోన్ గ్రాహకాలు ఉన్న, అంటే ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ ప్రేరణతో పెరిగే క్యాన్సర్‌లో ముప్పు తక్కువగా ఉంటే చాలామందికి టామాక్సిఫెన్ ఒక్కటే సరిపోతుంది. కీమో అవసరమయ్యేంత ముప్పు ఉన్నవారిలోనూ, 35 ఏళ్ల లోపు వారిలోనూ ఇంజెక్షన్ వల్ల కలిగే మేలు బాగా కనిపిస్తుంది. 2014 చివర్లో వెలువడిన సాఫ్ట్ అధ్యయనంలో 35 ఏళ్ల లోపు స్త్రీలను గమనిస్తే, ఐదేళ్ల తరువాత రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టకుండా ఉన్నవారు టామాక్సిఫెన్ ఒక్కటే వాడినవారిలో నూటికి సుమారు 68 మంది, ఇంజెక్షన్ కూడా తీసుకున్నవారిలో 79 మంది, ఇంజెక్షన్‌తో పాటు ఈస్ట్రోజెన్ తయారీని తగ్గించే ఎక్సెమెస్టేన్ మాత్ర వాడినవారిలో 83 మంది. వయసును బట్టీ, ముప్పును బట్టీ చికిత్స మారుతుంది కాబట్టి పక్కవారి చీటీతో మీ చీటీని పోల్చుకోవద్దు.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. తరువాతి శ్రోత మాట్లాడండి.

శ్రోత: నమస్తే డాక్టరమ్మా. నాకు 41 ఏళ్లు. రెండేళ్ల కిందట స్నానం చేస్తుంటే చేతికి గడ్డ తగిలింది, మొదట ఎవరికీ చెప్పలేదు, తరువాత మా వదిన బలవంతం మీద చూపించుకుంటే క్యాన్సర్ అన్నారు, ఆపరేషన్ చేశారు, కీమో ఇచ్చారు, కీమో మధ్యలోనే నెలసరి ఆగిపోయింది, ఇప్పటికి పద్నాలుగు నెలలయింది. లెట్రోజోల్ మాత్ర వేసుకుంటున్నాను, పొట్ట మీద గోసెరెలిన్ ఇంజెక్షన్ కూడా తీసుకుంటున్నాను. ఆ సూది లావుగా ఉంటుందమ్మా. నర్సు చర్మాన్ని మడతగా పట్టుకుని గుచ్చినప్పుడు కళ్లు మూసుకుంటాను. ఆ చోట వారం రోజుల పాటు నల్లగా కమిలిపోయి ఉంటుంది. నెలసరి ఎలాగూ ఆగిపోయింది కదా, ఇంజెక్షన్ మానేసి మాత్ర ఒక్కటే వేసుకుంటే సరిపోదా?

డాక్టర్: సరిపోదమ్మా. ఈ మాట అందరూ వినాలి కాబట్టి నిదానంగా చెబుతాను. నెలసరి ఆగడం వేరు, అండాశయం ఆగడం వేరు. కీమో వల్ల అండాశయాలు కొంతకాలం సొమ్మసిల్లుతాయి. నలభై ఏళ్లకు అటూ ఇటూ ఉన్నవారిలో అవి కొన్ని నెలలకో, ఏడాది రెండేళ్లకో మళ్లీ లేచి ఈస్ట్రోజెన్ తయారుచేయవచ్చు. అప్పటికి నెలసరి కనిపించకపోయినా సరే. పైగా మీరు ఇంజెక్షన్ మీద ఉన్నారు కాబట్టి, నెలసరి రాకపోవడం ఆ ఇంజెక్షన్ పని కూడా కావచ్చు.

శ్రోత: కానీ లెట్రోజోల్ కూడా ఈస్ట్రోజెన్‌ను తగ్గించే మందే కదమ్మా?

డాక్టర్: ముట్లుడిగిన స్త్రీలో కొవ్వులోనూ, ఇతర కణజాలంలోనూ తయారయ్యే కొద్దిపాటి ఈస్ట్రోజెన్‌ను అది ఆపగలదు. పనిచేస్తున్న అండాశయాన్ని మాత్రం అది ఆపలేదు. రక్తంలో ఈస్ట్రోజెన్ తగ్గిందని మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి గ్రహించి, అండాశయాన్ని ఇంకా గట్టిగా ప్రేరేపిస్తుంది. పిల్లలు కలగని స్త్రీలకు అండం విడుదల కావడానికి ఇదే లెట్రోజోల్‌ను కొద్ది రోజులు ఇస్తారంటే మీకు అర్థమై ఉండాలి. అండాశయం పనిచేసే అవకాశం ఉన్న స్త్రీ ఇంజెక్షన్ లేకుండా ఈ మాత్ర ఒక్కటే వాడితే, అదుపు చేయాలనుకున్న హార్మోన్‌నే చేజేతులా పెంచుకున్నట్టవుతుంది.

శ్రోత: అర్థమైందమ్మా. అయినా పద్నాలుగు నెలలుగా ఏమీ కనిపించలేదు కదా, ఒక రక్తపరీక్ష చేయించుకుని...

డాక్టర్: మళ్లీ అక్కడికే వచ్చారు. కనిపించకపోవడం రుజువు కాదని ఇప్పుడే చెప్పాను కదమ్మా. ఇంజెక్షన్ ప్రభావంలో ఉండగా చేసిన పరీక్షను బట్టి, మానేశాక అండాశయం ఎలా ఉంటుందో తేల్చలేం. ఈ మాత్రలు వాడేవారిలో ఈస్ట్రడయాల్, అంటే ఈస్ట్రోజెన్‌లోని ముఖ్యమైన రకం, ఎంత తక్కువ ఉండాలంటే, మామూలు ల్యాబ్ పద్ధతికి ఆ తేడా సరిగా దొరకదు. మాస్ స్పెక్ట్రోమెట్రీ వంటి సున్నితమైన పద్ధతిలో చూడాలి. ఇంతకీ మీ ఇంజెక్షన్ సమయానికే పడుతోందా?

శ్రోత: నెలకోసారి తీసుకుంటున్నానమ్మా. కిందటిసారి మాత్రం ఇంట్లో పెళ్లి పనుల వల్ల పన్నెండు రోజులు ఆలస్యమయింది. ఆ తరువాత రెండు రోజులు కొద్దిగా ఎర్రగా కనిపించింది. నీరసం వల్ల అనుకున్నాను.

డాక్టర్: ఇదమ్మా నేను వినాల్సిన మాట. ఇంతసేపూ అది చెప్పలేదు మీరు.

శ్రోత: తిడతారని భయపడ్డానమ్మా.

డాక్టర్: తిట్టనమ్మా. ఇంత ఓర్చుకున్నవారిని తిట్టడానికి నాకు నోరెలా వస్తుంది? రేపే మీ డాక్టరు దగ్గరకు వెళ్లి ఆ ఆలస్యం సంగతీ, ఆ ఎరుపు సంగతీ చెప్పండి. వారు హార్మోన్ స్థాయి చూసి, ప్రస్తుతానికి లెట్రోజోల్ కొనసాగించాలో టామాక్సిఫెన్‌కు మార్చాలో నిర్ణయిస్తారు. మీ అంతట మీరు ఏదీ మానవద్దు. ఇంకో సంగతి. ఈ మందు గడువు నెల కాదు, 28 రోజులు. ఏడాదికి పన్నెండు ఇంజెక్షన్లు కాదు, పదమూడు. ఫలానా తేదీ అని గుర్తుపెట్టుకుంటే నెలనెలా రెండు మూడు రోజులు జారిపోతుంది. అందుకే వారాన్ని గుర్తుపెట్టుకోండి. మంగళవారం పడితే నాలుగు వారాలకు మళ్లీ మంగళవారమే పడాలి. ఒకటి రెండు రోజులు ముందైనా ఫర్వాలేదు, వెనక పడకూడదు. నొప్పి విషయానికొస్తే, బియ్యపు గింజంత మందు కడ్డీ చర్మం కింద ఇమడాలి కాబట్టి సూది లావుగా ఉండక తప్పదు. ముందుగా మొద్దుబార్చే క్రీము రాయమని అడగండి, ప్రతిసారీ వైపు మార్చమనండి.

శ్రోత: అలాగేనమ్మా. మరి నెలసరి ఆగిపోయింది కాబట్టి గర్భం భయం అయితే...

డాక్టర్: ఉంటుందమ్మా! నెలసరి ఆగడం వేరు, అండాశయం ఆగడం వేరు. కాపర్ టీ గానీ కండోమ్ గానీ వాడాలి. హార్మోన్ మాత్రలు మాత్రం వద్దు.

వ్యాఖ్యాత: ధన్యవాదాలమ్మా. మరో శ్రోత లైనులో ఉన్నారు.

శ్రోత: డాక్టరు గారూ, నాకు 33 ఏళ్లు, పిల్లలు లేరు. ఏడాదిన్నరగా ఇంజెక్షన్, మాత్ర వాడుతున్నాను. ఇక ఆశ వదులుకోవాల్సిందేనా?

డాక్టర్: వదులుకోవద్దమ్మా. 2023లో వచ్చిన పాజిటివ్ అధ్యయనంలో 18 నుంచి 30 నెలలు చికిత్స తీసుకున్నాక, గర్భం కోసం రెండేళ్ల వరకు విరామం ఇచ్చి చూశారు. సుమారు మూడేళ్ల పరిశీలనలో క్యాన్సర్ తిరగబెట్టడం పెరగలేదు. ఇంకా ఎక్కువ కాలం గమనించాల్సి ఉంది. మీ గడ్డ తీవ్రతను బట్టి మీ డాక్టరుతో కలిసి తేల్చుకోవాలి. మందు ఆపాక మూడు నెలలు గడిచేదాకా గర్భానికి ప్రయత్నించకూడదు.

వ్యాఖ్యాత: సమయం తక్కువగా ఉంది, తరువాతి వారు క్లుప్తంగా అడగండి.

శ్రోత: మా అక్కకు ఈ ఇంజెక్షన్లకు బదులు అండాశయాలు తీసేయిస్తే సరిపోతుందా?

డాక్టర్: అది ఈ చికిత్సలన్నిటికంటే పాతది. గ్లాస్గోలో బీట్సన్ అనే సర్జన్ ముదిరిన రొమ్ము క్యాన్సర్‌కు అండాశయాలు తీసి, 1896లో ఆ ఫలితాలు ప్రచురించారు. రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పును పెంచే బీఆర్‌సీఏ జన్యులోపం ఉన్నవారికీ, పిల్లలు వద్దనుకున్నవారికీ అది మంచి దారే. అయితే తీసేశాక వెనక్కి రాదు. ఇంజెక్షన్ ఆపితే చాలామందిలో అండాశయం తిరిగి పనిచేస్తుంది. మీ అక్కగారి వయసెంత?

శ్రోత: 36 అండీ.

డాక్టర్: అయితే కొన్నాళ్లు ఇంజెక్షన్‌తో చూసి, శరీరం ఎలా తట్టుకుంటుందో తెలిశాక ఆలోచించమనండి.

వ్యాఖ్యాత: చివరి ఫోన్.

శ్రోత: వేడి ఆవిర్లతో రాత్రుళ్లు నిద్ర లేదు డాక్టరు గారూ. కీళ్లు కూడా పట్టేస్తున్నాయి. ముట్లుడిగిన వారు వాడే హార్మోన్ మాత్రలు వేసుకోవచ్చా?

డాక్టర్: వేసుకోకూడదమ్మా, అది ఈస్ట్రోజెన్‌ను తిరిగి ఇచ్చినట్టే. వెన్లాఫాక్సిన్ వంటి మందులతో ఆవిర్లు తగ్గుతాయి, మీ డాక్టరును అడగండి. టామాక్సిఫెన్ వాడుతుంటే పారాక్సిటిన్ మాత్రం వద్దు, ఆ మందును శరీరం పనికివచ్చే రూపంలోకి మార్చుకోవడానికి అది అడ్డుపడుతుంది. రోజూ నడిస్తే కీళ్ల నొప్పులకు ఉపశమనం ఉంటుంది. ఎముకల సాంద్రత తెలిపే డెక్సా పరీక్ష చేయించుకున్నారా?

శ్రోత: లేదండీ, ఎవరూ చెప్పలేదు.

డాక్టర్: ఈస్ట్రోజెన్ లేకపోతే ఎముకలు వేగంగా పలచబడతాయి. వచ్చే ఇంజెక్షన్‌కు వెళ్లినప్పుడు ఆ పరీక్ష రాయించుకోండి. ఆ ఇంజెక్షన్ ఏ వారమమ్మా?

శ్రోత: గురువారం అండీ.

డాక్టర్: గురువారమే వెళ్లండి.

వ్యాఖ్యాత: డాక్టరు గారికీ, శ్రోతలకూ ధన్యవాదాలు. నమస్కారం.