ఫోన్-ఇన్: గాబా, మూర్ఛ, మాత్రలు

వ్యాఖ్యాత: నమస్కారం. మెదడును శాంతపరిచే గాబా అనే రసాయనం గురించి న్యూరాలజిస్టు గారు మీ సందేహాలు తీరుస్తారు. మొదటి ఫోను నిజామాబాద్ జిల్లా నుంచి.

శ్రోత: నమస్కారం డాక్టర్ గారూ. మా నాన్నగారికి 62 ఏళ్లు. ఇరవై ఏళ్లుగా రోజూ కల్లు తాగేవారు, ఊళ్లో దుకాణం మూతపడడంతో మూడు రోజులుగా తాగలేదు. చేతులు వణికి చాయ్ గ్లాసు కూడా నిలవడం లేదు, రాత్రంతా దుప్పటి మీద లేని చీమలను ఏరుతూ కూర్చున్నారు, ఈ ఉదయం ఫిట్స్ కూడా వచ్చాయి. ఒక్క సీసా పోస్తే కుదురుకుంటారని పక్కింటివారు అంటున్నారు. పోయవచ్చా?

డాక్టర్: వద్దు బాబూ. కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డైజెపాం అనే మత్తు మందులు కలుపుతారు. గాబా తగలగానే నరకణంలోకి క్లోరైడు చేరి కణం నెమ్మదిస్తుంది. ఈ మందులు ఆ పనిని మరింత పెంచుతాయి. ఏళ్ల తరబడి ఆ ఊతానికి అలవాటుపడిన మెదడులో సొంత గాబాకు స్పందించే శక్తి సన్నగిల్లుతుంది కనుక, ఊతాన్ని ఒక్కసారిగా లాగేస్తే వణుకు, భ్రమ, మూర్ఛ వస్తాయి. 2015లో కల్తీ కల్లు ఆగినప్పుడు మీ జిల్లాలోనే ఎందరో ఇలా ఆసుపత్రి పాలయ్యారు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

శ్రోత: పోనీ, సగం సీసా అయితే?

డాక్టర్: చెప్పాను కదా బాబూ! ఆ సీసాలో ఎంత మందు కలిసిందో అమ్మినవాడికే తెలియదు. ఆసుపత్రిలో అదే కోవ మందును కొలిచి ఇచ్చి, మెల్లగా తగ్గిస్తారు. ఈలోగా మళ్లీ ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో చెంచా గానీ చేతిలో తాళాల గుత్తి గానీ పెట్టవద్దు.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. ఖమ్మం నుంచి మరొకరు.

శ్రోత: మా అమ్మాయికి రెండేళ్లుగా ఫిట్స్ రాలేదండీ. క్లోబజాం ఆపేయవచ్చా?

డాక్టర్: మీ అంతట మీరు ఆపవద్దమ్మా. అదీ గాబాకు ఊతమిచ్చే మందే. ఆపాలో లేదో, ఆపితే ఎలా తగ్గించాలో మీ డాక్టరే చెప్పాలి.

వ్యాఖ్యాత: తర్వాత గుంటూరు.

శ్రోత: టీబీ మాత్రలతో పాటు బీ6 ఎందుకిచ్చారు?

డాక్టర్: మెదడులోని గ్లుటమేటు అనే మరో రసాయనం నుంచి గాబా తయారు కావాలంటే బీ6 విటమిన్ కావాలి. టీబీ మందైన ఐసోనియజిడ్ ఆ బీ6ను తగ్గిస్తుంది. మానవద్దు.

శ్రోత: ఆన్‌లైన్‌లో గాబా పొడి...

డాక్టర్: నోటితో తీసుకున్న గాబా మెదడులోకి సరిగా చేరుతుందనడానికి గట్టి ఆధారం లేదు, డబ్బు దండగ. నిజామాబాద్ అబ్బాయి ఇంకా లైన్లో ఉన్నారా?

వ్యాఖ్యాత: పెట్టేశారండీ.

డాక్టర్: మంచిది. 108కే చేస్తూ ఉండాలి.