మా బిడ్డ, మేం చూసుకుంటాం: ఫోన్-ఇన్ కార్యక్రమం

(శ్రీకాకుళం, 2025 అక్టోబరు. సలహాలిచ్చినవారు విజయనగరం కోర్టులో ప్రాక్టీసు చేసే న్యాయవాది. ఫోన్ చేసినవాళ్ల పేర్లు తీసేశాం. ఇందులో చెప్పిన చట్టం, నిబంధనలు, మొత్తాలు అప్పటివి, తర్వాత మారి ఉండొచ్చు.)

యాంకర్: నమస్కారం. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకి, అంటే పుట్టినప్పుడు ఆడ లేదా మగ అని రాసింది తమది కాదనుకునేవాళ్లకి, నాన్‌బైనరీ వ్యక్తులకి, అంటే తాము ఆడా కాదు, మగా కాదు అనుకునేవాళ్లకి రోజూ ఎదురయ్యే పనుల గురించి ఇవాళ మాట్లాడుకుందాం. కార్డులు, అద్దె ఇల్లు, పింఛను, ఇంట్లో గొడవలు, ఏదైనా అడగండి. మొదటి ఫోన్ నరసన్నపేట వైపు నుంచి. చెప్పండమ్మా.

కాలర్: లాయరమ్మా, నమస్తే. మా పెద్దోడి గురించమ్మా. పందొమ్మిదేళ్లు. శ్రీకాకులంలో డిగ్రీ సదువుతన్నాడు. దసరాకి ఇంటికొచ్చి, ‘అమ్మా, నాను మగోడినీ కాదు, ఆడపిల్లనీ కాదు, నన్నిలాగే ఉండనీయండి’ అనీసినాడు. ఆల్ల నాన్న ఆ రాత్రి కంచం ముందు నుంచి లేచిపోనాడు. మా ఆడపడుచు మంత్రగాడి కాడికి తీసుకెల్దాం అంతంది. మా బావేమో పెల్లి సేసీండి, అదే కుదురుకుంటాది అంతన్నాడు. నానేటి సెయ్యాలి?

న్యాయవాది: మీ బిడ్డ ఇప్పుడెక్కడున్నారమ్మా?

కాలర్: ఇంట్లోనే. మేడమీద ఒక్కడే కూకుంతన్నాడు.

న్యాయవాది: ఇంట్లోనే ఉన్నారు, అది మంచి మాట. నా దగ్గరికొచ్చే కేసుల్లో చాలావరకు ఇంట్లోంచి గెంటేశాక వచ్చినవే. అక్కణ్నుంచి చదువు పోతుంది, కాగితాలు పోతాయి, తర్వాత వాటిని కూడగట్టడానికి ఏళ్లు పడుతుంది. ఇది జబ్బు కాదమ్మా, గాలీ ధూళీ కాదు. అలా పుట్టేవాళ్లుంటారు. 2019లో వచ్చిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టంలో జెండర్‌క్వీర్ అన్న మాట కింద ఇలాంటివాళ్లనీ చేర్చారు. కన్నవాళ్ల ఇంట్లో అందరితో సమానంగా ఉండే హక్కు కూడా ఆ చట్టంలోనే, 12వ సెక్షన్‌లో రాశారు.

కాలర్: మరి పెల్లి...

న్యాయవాది: వద్దు. మీ బిడ్డతో పాటు ఇంకో ఇంటి ఆడపిల్ల బతుకు కూడా పాడవుతుంది. మంత్రగాడూ వద్దు. డాక్టరే ‘మందులిచ్చి మార్చేస్తాను’ అన్నా నమ్మకండి. అలాంటి చికిత్స వృత్తిపరంగా తప్పని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది.

కాలర్: ఊర్లో అడిగితే ఏటని సెప్పాలమ్మా? పేరు కూడా మార్చుకుంటానంతన్నాడు.

న్యాయవాది: ఇంట్లో ఏ పేరుతో పిలవమంటారో అడిగి, ఆ పేరుతోనే పిలవండి. ఊరికి సంజాయిషీ ఎందుకమ్మా? ‘మా బిడ్డ, మేం చూసుకుంటాం’ అంటే చాలు, ఇంకో మాట అక్కర్లేదు. వాళ్ల నాన్నగారిని ఒక్క పూటలో ఒప్పించాలనుకోకండి. ఆయన మాట్లాడకపోయినా పర్వాలేదు, ముగ్గురూ ఒకేసారి భోజనానికి కూర్చోండి. ఒకటి మాత్రం జాగ్రత్తగా గమనించండి. నిద్ర లేకపోయినా, ‘నేనుండి ఎందుకు’ లాంటి మాట నోట్లోంచి వచ్చినా 14416కి ఫోన్ చెయ్యండి. టెలి మానస్ అంటారు. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. మీరు కూడా చెయ్యొచ్చు, మీకూ దుఃఖం ఉంది కదా.

కాలర్: ఉంది తల్లీ... (కాసేపు మాట లేదు) సెలవులైపోతే కాలేజీకి పంపించీమంతారా?

న్యాయవాది: తప్పకుండా పంపండి. చదువు ఒక్కరోజు కూడా ఆగకూడదు.

యాంకర్: తర్వాతి ఫోన్ రాజాం నుంచి.

కాలర్: నమస్తే మేడమ్. నేను ట్రాన్స్ మహిళని, టైలరింగ్ షాపు నడుపుతున్నాను. అన్ని కార్డుల్లోనూ పాత పేరే ఉంది. ట్రాన్స్‌జెండర్ గుర్తింపు కార్డు గురించి ఒకచోట అడిగితే డాక్టర్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. అక్కడితో వదిలేశాను.

న్యాయవాది: వదలకండమ్మా. ఎవరి జెండర్ వాళ్లే చెప్పుకోవచ్చని 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2020 నిబంధనల ప్రకారం మొదటి గుర్తింపు పత్రానికి వైద్య పరీక్ష అడగకూడదు. మీ అఫిడవిట్, అంటే మీరు ప్రమాణం చేసి రాసిచ్చే పత్రం చాలు. కేంద్ర ప్రభుత్వ ట్రాన్స్‌జెండర్ పోర్టల్‌లో దరఖాస్తు పెడితే కలెక్టరు గారు పత్రమూ, కార్డూ ఇస్తారు. గడువు 30 రోజులు. మీ ఆధార్‌లో ఏ జిల్లా ఉంది?

కాలర్: శ్రీకాకుళం జిల్లా అనే ఉంది.

న్యాయవాది: అనుకున్నాను. రాజాం 2022 ఏప్రిల్‌లో విజయనగరం జిల్లాలోకి వచ్చింది. అటు వంగర, సంతకవిటి వాళ్లకీ ఇదే చిక్కు. ముందు చిరునామా సరిచేయించుకుని, విజయనగరం కలెక్టరుకి పెట్టండి. ఇక అసలు జాగ్రత్త పేరు దగ్గర. దరఖాస్తు నింపేముందు కొత్త పేరు తెల్లకాగితం మీద ఇంగ్లీషులో, తెలుగులో రాసుకోండి. ఇంటిపేరు పూర్తిగానా, పొడి అక్షరమా, ముందా, వెనకా? అన్నీ తేల్చుకుని ఆ కాగితం ఎదురుగా పెట్టుకుని టైపు చేయించండి. ఎందుకంటే ఆధార్‌లో పేరు రెండుసార్లే మార్చనిస్తారు, జెండర్ ఒక్కసారే. ఒక్క అక్షరం తేడా వచ్చినా బ్యాంకులో ఆపేస్తారు.

కాలర్: ఆధార్ ముందు మార్చుకోకూడదా?

న్యాయవాది: ముందు కలెక్టరు పత్రం, అది చూపించి ఆధార్, ఆ తర్వాత పాన్, బ్యాంకు, ఓటరు కార్డు. ఈ వరస తప్పితే కౌంటరు కౌంటరుకీ సంజాయిషీ చెప్పుకోవాలి. టెన్త్ సర్టిఫికెట్ కూడా ఈ పత్రంతో మార్పించుకోవచ్చు. పాత కాగితాలు కోపంతో చింపెయ్యకండి, పాత పేరూ కొత్త పేరూ ఒకరివేనని చూపించడానికి అవే ఆధారం. దరఖాస్తు తిరస్కరిస్తే 90 రోజుల్లో అప్పీలుంది. ఊరికే నాన్చుతుంటే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

కాలర్: ఉచిత బస్సు మాకూ వర్తిస్తుందా మేడమ్?

న్యాయవాది: వర్తిస్తుంది. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకంలో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులూ ఉన్నారు. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ రెండూ ఎక్కొచ్చు. కార్డు మాత్రం దగ్గరుంచుకోండి. షాపు ఎలా నడుస్తోంది?

కాలర్: బాగానే ఉంది మేడమ్. పెళ్లిళ్ల సీజన్ కదా, జాకెట్లు కుట్టలేకపోతున్నాను.

న్యాయవాది: చాలా సంతోషం తల్లీ.

యాంకర్: ఆమదాలవలస నుంచి ఒక పెద్దాయన లైన్‌లో ఉన్నారు.

కాలర్: అమ్మా, నేను రిటైర్డ్ టీచర్ని. మేడమీద వాటా ఖాళీగా ఉంది. ఇద్దరు ట్రాన్స్‌జెండర్ అమ్మాయిలు అద్దెకడిగారు. మర్యాదగా మాట్లాడారు. ఇరుగుపొరుగు వద్దంటున్నారు.

న్యాయవాది: మీకు అభ్యంతరముందా మాస్టారూ?

కాలర్: నాకేమీ లేదు. ఊరి మాట గురించే ఆలోచన.

న్యాయవాది: అయితే ఇచ్చేయండి. ట్రాన్స్‌జెండర్ అన్న ఒక్క కారణంతో ఇల్లు లేదనడం 2019 చట్టం ప్రకారం వివక్ష. ఎదురింటివాళ్లొస్తే అదే చెప్పండి. మీలాంటి మాస్టారు చెబితే వీధిలో వింటారు. ముందున్నవాళ్లతో రాసుకున్న అగ్రిమెంటే రాసుకోండి, అడ్వాన్సూ అంతే తీసుకోండి. మనవాళ్లు చాలామంది వీళ్ల దగ్గర అద్దె రెట్టింపు గుంజుతారు, అది అన్యాయం.

కాలర్: అంతేనమ్మా, అలాగే చేస్తాను.

యాంకర్: పలాస నుంచి మెసేజ్: ‘పింఛను ఎంత, ఎక్కడ అడగాలి?’

న్యాయవాది: ఎన్టీఆర్ భరోసాలో ట్రాన్స్‌జెండర్ పింఛను 2024 జూలై నుంచి నెలకి 4,000 రూపాయలు. పద్దెనిమిదేళ్లు నిండాలి. గుర్తింపు పత్రం, ఆధార్ తీసుకుని మీ సచివాలయానికి వెళ్లి, కొత్త దరఖాస్తులు ఎప్పుడు తీసుకుంటారో అడగండి. లాయరు కావాలంటే 15100కి చెయ్యండి, న్యాయసేవాధికార సంస్థవాళ్లు దారి చూపిస్తారు.

యాంకర్: సమయం అయిపోయింది. లైన్‌లో ఉన్నవాళ్లు పెట్టేయకండి, మేడమ్ ఇంకాసేపు ఇక్కడే ఉంటారు. ప్రసారం ఆగాక ఒక్కొక్కరితో మాట్లాడతారు.