గుసగుస గొంతు, గట్టిమేళం: ఇండీ పాప్ గాయకుల మీద పడుతున్న నింద గురించి

నమస్కారం. ఇండీ పాప్, అంటే పెద్ద సంగీత సంస్థల అండ లేకుండా స్వతంత్ర కళాకారులు చేసే పాప్ పాటలను ఇయర్‌ఫోన్లలో నెలల తరబడి విని, ఇష్టపడి, టికెట్టు కొనుక్కుని ప్రదర్శనకు వెళ్లి వచ్చినవారిలో చాలామంది అనే ఒక మాట నన్ను ఎంతోకాలంగా చిరాకు పెడుతోంది. "రికార్డులో అంత హాయిగా పాడిన మనిషి వేదిక మీద తేలిపోయాడు, గొంతు వినిపించనే లేదు, అదంతా స్టూడియో మాయ" అన్నదే ఆ మాట. ఈ సంగీతానికి వీరాభిమానిని కాబట్టి గాయకులను వెనకేసుకొస్తున్నానని మీరు అనుకోవచ్చు, కొంతవరకు అది నిజమే కూడా. అయితే ఈ నిందలో ఉన్న పొరపాటు అభిరుచికి సంబంధించినది కాదు, లెక్కకు సంబంధించినది. ఆ లెక్కను ఈ రోజు మీ ముందు పెడతాను.

ముందుగా ఆ మెత్తని గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. మన పద్యనాటకాల రోజుల్లో మైకు లేదు కాబట్టి, చివరి వరుసలో కూర్చున్నవాడికి కూడా పద్యం చేరాలంటే నటుడు గుండెల నిండా ఊపిరి తీసుకుని, రాగాన్ని పైస్థాయిలో సాగదీయక తప్పేది కాదు. ఆ గానశైలిని తీర్చినది నాటకశాల పొడవే అన్నా తప్పులేదు. 1925లో విద్యుత్ మైకుతో రికార్డింగు మొదలైన తరువాత ఆ అవసరం తీరిపోయింది. బింగ్ క్రాస్బీ వంటి గాయకులు మైకును ఎదుటి మనిషి చెవిగా భావించి పాడారు, 1958లో బ్రెజిల్‌కు చెందిన జొవావ్ జిల్బెర్టో గిటారుతో పాటు దాదాపు మాట్లాడినంత మెల్లగా పాడి ఒక కొత్త సంగీతానికే దారి వేశాడు. ఇండీ పాప్ గొంతు ఆ వంశానిదే. 2018లో మన దేశపు గాయకుడు ప్రతీక్ కుహాడ్ 'కోల్డ్/మెస్' పాటను విడుదల చేసినప్పుడు, ఆ మరుసటి సంవత్సరం ఒబామా తన అభిమాన పాటల జాబితాలో దానికి చోటిచ్చినప్పుడు, ప్రపంచం విన్నది కూడా మైకుకు అంగుళం దూరంలో, బిగ్గరగా పాడాలన్న తొందరేమీ లేకుండా పాడిన గొంతునే. అది చేతకానితనం కాదు. ఊపిరి తక్కువగా వదులుతూ శ్రుతి తప్పకుండా పాడటం ఎంత కష్టమో, ఒకసారి ఇంట్లో ప్రయత్నించి చూస్తే మీకే తెలుస్తుంది.

[తెరపై: పెళ్లి మండపం బొమ్మ. ఒకవైపు పురోహితుడు, మరొకవైపు డోలు, సన్నాయి.]

ఇప్పుడు ఈ గొంతును వేదిక మీదకు తీసుకువద్దాం. మాంగల్యధారణ సమయంలో పురోహితుడు చేయి ఎత్తి "గట్టిమేళం" అనగానే ఏమి జరుగుతుందో మనందరికీ తెలుసు. ఆయన మంత్రం చదువుతూనే ఉంటాడు, పెదవులు కదులుతూనే ఉంటాయి, కానీ డోలు, సన్నాయి కలిసి మోగుతుంటే పక్కన కూర్చున్న పెళ్లికొడుక్కి కూడా ఒక్క అక్షరం వినిపించదు. ఆ క్షణంలో తుమ్ము, ఏడుపు వంటి అపశకునపు చప్పుళ్లేవీ చెవిన పడకూడదనే గట్టిమేళం పెట్టారని పెద్దలు చెబుతారు. పెద్ద శబ్దంతో చిన్న శబ్దాన్ని కప్పివేసే ఈ పద్ధతి మన మండపాల్లో ఎప్పటినుంచో ఉన్నదే, ధ్వనిశాస్త్రం కూడా దీన్ని ప్రత్యేకంగా అధ్యయనం చేస్తుంది. మంత్రం వినపడనందుకు పురోహితుడికి గొంతు లేదని ఇంతవరకు ఏ పెళ్లిలోనూ ఎవరూ అనలేదు. ఇండీ పాప్ ప్రదర్శనలో గాయకుడే పురోహితుడు, వెనుక ఉన్న డ్రమ్స్ గట్టిమేళం. నింద మాత్రం పురోహితుడి మీద పడుతోంది.

ఇప్పుడు అంకెలు చూద్దాం. శబ్దం ఎంత పెద్దదో కొలిచే కొలమానం డెసిబెల్. మెల్లగా పాడే గొంతు మీటరు దూరంలో సుమారు 65 డెసిబెళ్లు ఉంటుంది. చిన్న హాలులో మామూలు కర్రలతో వాయించే డ్రమ్స్ మోత 100 డెసిబెళ్ల చుట్టుపక్కల ఉంటుంది. ప్రతి 10 డెసిబెళ్లకు శబ్దం మన చెవికి దాదాపు రెట్టింపుగా తోస్తుంది, శక్తి లెక్కలోనైతే పది రెట్లు అవుతుంది. అంటే ఈ రెండింటి మధ్య ఉన్న 35 డెసిబెళ్ల తేడా, శక్తిలో మూడు వేల రెట్లకు పైమాటే. "మైకు ఉంది కదా" అని మీరు వెంటనే అంటారు. నిజమే, దూరం సగమైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెళ్లు పెరుగుతుంది కాబట్టి, మీటరు దూరాన్ని 5 సెంటీమీటర్లకు తగ్గిస్తే గొంతుకు 26 డెసిబెళ్ల మేలు జరిగి అది 91కి చేరుతుంది. అయినా రెండు మీటర్ల వెనుక మోగుతున్న డ్రమ్స్ అదే మైకులో దానికంటే పెద్దగానే పడవచ్చు. మైకుకు భక్తి లేదు, తన ముందున్న పురోహితుడిదే వినాలని, వెనుక మోగే డోలును వదిలేయాలని దానికి తెలియదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, నాకు ఈ విషయమంతటిలో ఎక్కువ ఆసక్తి కలిగించేది అదే. వేదికల మీద ఎక్కువగా వాడే మైకులు ముందువైపు శబ్దాన్ని బాగా తీసుకుని వెనుకవైపు శబ్దాన్ని చాలావరకు వదిలేస్తాయి, 1966లో వచ్చి ఈనాటికీ ప్రతి వేదిక మీదా కనిపించే ష్యూర్ ఎస్‌ఎమ్58 కూడా ఆ రకానిదే. మరి డ్రమ్స్‌ను కూడా వదిలేయవచ్చు కదా అనిపిస్తుంది. కానీ మైకు ముఖం గాయకుడి వైపు ఉంటుంది, గాయకుడి వెనుక డ్రమ్స్ ఉంటాయి, అంటే మైకు సూటిగా డ్రమ్స్ వైపే చూస్తోందన్నమాట. మధ్యలో అడ్డుగా ఉన్నది గాయకుడి తల ఒక్కటే. సన్నాయి పక్కనే మైకు పెట్టి మంత్రాలు వినిపించడం లేదని ఆశ్చర్యపోవడం ఎలాంటిదో, ఇది కూడా అలాంటిదే.

గొంతు చాలకపోతే సౌండ్ ఇంజినీరు మైకు శబ్దం పెంచవచ్చు కదా అన్నది తరువాతి ప్రశ్న. పెంచుతాడు, పెంచితే గొంతుతో పాటు అందులో దూరిన డ్రమ్స్ కూడా అంతే పెరుగుతాయి, సింబల్స్, అంటే డ్రమ్స్‌తో పాటు ఉండే లోహపు పళ్లేల మోత రేకు డబ్బా మోతలా మారుతుంది. ఇంకా పెంచితే స్పీకరు నుంచి వచ్చిన శబ్దం తిరిగి మైకులోకి వెళ్లి, అక్కడి నుంచి మళ్లీ స్పీకరులోకి వచ్చి, తిరుగుతూ తిరుగుతూ చివరకు మైకు కూస్తుంది. మన ఊళ్లో ఏ సభలోనైనా మీరు విన్న ఆ "కుయ్" మనే కూతే పై హద్దు. కింది హద్దును డ్రమ్స్ నిర్ణయిస్తే, పై హద్దును ఈ కూత నిర్ణయిస్తుంది. గొంతు బతకవలసింది ఈ రెండింటి మధ్యనే. తెరిచి ఉంచిన మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ పై హద్దు మరో 3 డెసిబెళ్లు కిందికి దిగుతుంది కాబట్టి వయొలిన్, చెల్లో, ట్రంపెట్ అన్నీ తెచ్చుకునే ఇండీ పాప్ బృందాల కష్టం మామూలు రాక్ బృందం కష్టానికి మించినది. బిగ్గరగా అరిచే రాక్ గాయకుడు మీటరు దూరంలోనే 90 డెసిబెళ్లు దాటగలడు, అతడికి ఈ లెక్కలేవీ అవసరం లేదు. అందుకే అరుపుల పాటను, గుసగుస పాటను ఒకే తూకంలో వేసి "వాళ్లు బాగా పాడారు, వీళ్లు పాడలేదు" అనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

గాయకుడికి తన గొంతు తనకు వినిపిస్తుందా అన్నది మరొక సంగతి. 1965 ఆగస్టు 15న న్యూయార్క్‌లోని షే స్టేడియంలో బీటిల్స్ బృందం సుమారు 55,600 మంది ముందు పాడినప్పుడు, వేదిక మీద వారి వైపు తిప్పిన మానిటర్ స్పీకర్లు లేవు. జనం కేకల్లో వారి పాట వారికే వినిపించలేదు. తన గొంతు వినపడని మనిషి తెలియకుండానే గట్టిగా పాడతాడు, గట్టిగా పాడితే మెత్తదనం పోతుంది, శ్రుతి కూడా జారుతుంది. మీరు విని "శ్రుతి తప్పాడు" అన్న గాయకుడు బహుశా గట్టిమేళం మధ్యలో తన మంత్రం తనకే వినపడని పురోహితుడు.

[తెరపై: గట్టిమేళం లేని మండపం.]

మరి దీనికి విరుగుడు లేదా? ఉంది. నా అభిప్రాయంలో మంచి ఇండీ పాప్ బృందాన్ని గుర్తుపట్టవలసింది ఇక్కడే. పురోహితుడిని అరవమనడానికి బదులు, మేళాన్నే తగ్గించిన బృందాలు ఉన్నాయి. వేల్స్‌లోని కార్డిఫ్‌కు చెందిన యంగ్ మార్బుల్ జయంట్స్ బృందంలో అసలు డ్రమ్మరే లేడు. ఇంట్లో తయారు చేసుకున్న యంత్రపు తాళాన్ని క్యాసెట్టులో ఎక్కించుకుని దానితో పాటు వాయించేవారు, అలిసన్ స్టాటన్ ఎదుటి మనిషితో మాట్లాడుతున్నట్టు పాడేది. 1980లో రఫ్ ట్రేడ్ సంస్థ విడుదల చేసిన వారి ఏకైక స్టూడియో ఆల్బమ్‌లో ఖాళీ స్థలాలే సగం సంగీతం. అమెరికాకు చెందిన 'లో' (Low) అనే బృందంలో మిమి పార్కర్ నిలబడి, రెండే డ్రమ్ములు, ఒక సింబల్‌తో, ఎక్కువగా కర్రలకు బదులు మెత్తగా మోగే తీగల కుచ్చుల వంటి బ్రష్షులతో వాయించేది. ఆ సంగీతాన్ని ఇండీ పాప్ అనవచ్చా లేదా అన్న వాదన నాకు అనవసరం. ఆమె చేతిలోని బ్రష్షు పాట మొత్తానికి గొంతుకు చోటు ఇచ్చింది, నాకు కావలసింది అది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ స్కాట్లండ్‌లోని గ్లాస్గో నుంచి వచ్చిన బెల్ అండ్ సెబాస్టియన్. 1996లో స్టో కళాశాల సంగీత విద్యార్థుల లేబుల్ కోసం మూడు రోజుల్లో రికార్డు చేసిన వారి తొలి ఆల్బమ్‌ను వేయి ప్రతులు మాత్రమే అచ్చు వేశారు. అదే సంవత్సరం చివర వచ్చిన రెండవ ఆల్బమ్ 'ఇఫ్ యూ ఆర్ ఫీలింగ్ సినిస్టర్'ను ఇండీ పాప్ అభిమానులు నెత్తిన పెట్టుకున్నారు. వింత ఏమిటంటే, పాటలు రాసిన స్టువర్ట్ మర్డాక్‌కు పాటల మీద నమ్మకం ఉంది గానీ వాటి రికార్డింగు మీద తృప్తి లేదు. 2005 సెప్టెంబరులో లండన్‌లోని బార్బికన్ హాలులో ఆ ఆల్బమ్‌ను మొదటి నుంచి చివరి దాకా వేదిక మీద వాయించి, ఆ ప్రదర్శనను కూడా విడుదల చేశారు. దానిపై వచ్చిన సొమ్మును ఆ సంవత్సరపు కశ్మీర్ భూకంప బాధితుల సహాయానికి ఇచ్చారు. రికార్డు అసలు, వేదిక నకలు అని వాదించేవారికి నేను చూపించేది ఈ జంటనే, ఎందుకంటే ఇక్కడ వేదిక మీది పాటే రికార్డును దిద్దిన పాట. బార్బికన్ హాలు లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాకు నిలయం. గొంతు, వయొలిన్ వంటి సున్నితమైన శబ్దాల కోసం కట్టిన హాలులో గుసగుస గొంతుకు చోటు దొరకడంలో ఆశ్చర్యం లేదు. ఆ మరుసటి ఏడాది ఇదే బృందం 18,000 మంది పట్టే హాలీవుడ్ బౌల్‌లో లాస్ ఏంజెలెస్ ఫిల్‌హార్మోనిక్‌తో కలిసి వాయించింది కాబట్టి, మెత్తని పాట పెద్ద చోట్లకు పనికిరాదన్న వాదనను కూడా ఇక్కడితో వదిలేద్దాం.

సమయం అయిపోతోంది, మిగిలినవి గబగబా చెబుతాను. హాలు విషయం: 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో వాలెస్ సబైన్ ఒక ఉపన్యాసశాలలోకి కుర్చీల దిండ్లు మోసుకొచ్చి పరచి, మెత్తని వస్తువులు ప్రతిధ్వనిని ఎంత తగ్గిస్తాయో కొలిచాడు. మనుషులు కూడా దిండ్లలాగే శబ్దాన్ని పీల్చుకుంటారు. కాబట్టి సాయంత్రం ఖాళీ హాలులో సరిచూసుకున్న శబ్దం, రాత్రి జనం నిండిన హాలులో మారిపోతుంది. మొదటి పాటలో గొంతు సరిగా లేదని వెంటనే ఫోన్ తీసి రాసేయకుండా, ఇంజినీరుకు రెండు పాటల గడువైనా ఇవ్వండి.

పదాలు అర్థం కాకపోవడం విషయం: స, శ, త వంటి హల్లుల ధ్వని ఎక్కువగా పై పౌనఃపున్యాలలో ఉంటుంది, సింబల్స్ మోత కూడా అక్కడే ఉంటుంది. అందువల్ల అచ్చులు వినిపిస్తాయి, హల్లులు మునిగిపోతాయి, రాగం తెలుస్తుంది, మాట తెలియదు. గట్టిమేళంలో పురోహితుడి స్వరం ఎక్కడో లీలగా తెలుస్తూ మంత్రం మాత్రం తెలియకపోవడం కూడా ఇలాంటిదే. స్టూడియోలో అయితే డ్రమ్స్ ఒక గదిలో, గొంతు మరొక గదిలో రికార్డు చేసి, మెల్లని అక్షరాలను తరువాత పైకి లేపుతారు. వేదిక మీద అదే పని చేయబోతే ఆ అక్షరాల మధ్య ఖాళీల్లో డ్రమ్స్ పైకి లేస్తాయి.

ఎక్కడ నిలబడాలి అన్న విషయం: చిన్న హాలులో వేదికకు ఆనుకుని నిలబడితే మీకు వినిపించేది ఎక్కువగా డ్రమ్స్, గిటారు ఆంప్లిఫయర్లే, గొంతు మోసే స్పీకర్లు మీ తల పక్కగా వెనుకకు చూస్తుంటాయి. గాయకుడి ముఖం దగ్గరగా చూడాలన్న ఆశను నేను అర్థం చేసుకోగలను, కానీ గొంతు వినాలంటే సౌండ్ డెస్క్ పక్కనే, ఇంజినీరు వింటున్న చోటే నిలబడండి. ఇక చెవుల మాట: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించిన ప్రమాణం ప్రకారం ఇలాంటి వేదికలలో 15 నిమిషాల సగటు 100 డెసిబెళ్లకు మించకూడదు. అన్ని పౌనఃపున్యాలనూ సమానంగా తగ్గించే సంగీత ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకుంటే పాట పాడుకాదు, చెవీ మిగులుతుంది. గాయకులు చెవిలో పెట్టుకునే మానిటర్ల గురించి కూడా చెప్పాలనుకున్నాను గానీ అది ఇంకొక వీడియోకు సరిపడా ఉంది. ఈ లోపు మీరు వెళ్లే తరువాతి ప్రదర్శనలో డ్రమ్మరు చేతిలో కర్రలున్నాయా, బ్రష్షులున్నాయా అన్నది చూసి వ్యాఖ్యలలో రాయండి.