ముందు పక్కనున్నవాళ్ళని బయటికి పంపండి

అందరికీ నమస్కారం. నైట్ డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికొచ్చినవాళ్ళు కొందరు కనిపిస్తున్నారు, అందుకని స్లైడ్లు వేయడం లేదు, లైట్లు ఆర్పితే ఇక మీరు నాకు దక్కరు.

ఈరోజు మాట్లాడుకునేది, మన దగ్గరికొచ్చే పెద్దవాళ్ళు వేధింపులకి గురవుతున్నారేమో ఎలా పసిగట్టాలని. ఒక పెద్దావిడని కొడుకు తీసుకొచ్చాడనుకోండి. "ఏమయిందమ్మా?" అని ఆవిడనే అడుగుతాం. "బాత్రూంలో జారి పడింది" అని కొడుకు చెప్తాడు. మనం రాసేసుకుంటాం. ఆవిడ నోరు విప్పనే లేదు, కానీ కేస్ షీట్ చూస్తే ఆవిడే చెప్పినట్టుంటుంది. ఈ ఒక్క అలవాటు మార్చుకోండని, ఆవిడని విడిగా అడగండని చెప్పడానికే వచ్చాను.

చేతులు కమిలి కనిపించినంత మాత్రాన కొట్టారని కాదు. వయసుతో చర్మం పలచబడుతుంది, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకి మంచం అంచు తగిలినా నల్లబడుతుంది. చూడాల్సింది ఎక్కడ కమిలిందని. అమెరికాలో 2005లో వచ్చిన ఒక అధ్యయనంలో, పెద్దవాళ్ళకి ప్రమాదవశాత్తూ కమిలిన చోట్లలో దాదాపు 90 శాతం కాళ్ళూ చేతుల మీదే ఉన్నాయి, మెడ మీద, చెవుల మీద, పిరుదుల మీద, అరికాళ్ళలో ఒక్కటీ లేదు. ఇంకో మాట, రంగు చూసి "ఇది పాత దెబ్బ" అని తేల్చేయకండి, ఆ అధ్యయనంలోనే కొన్ని మొదటి రోజే పసుపు రంగులో కనిపించాయి.

అయితే మనం దెబ్బల కోసమే వెతుకుతుంటే అసలుది జారిపోతుంది. పట్టించుకోకపోవడం కూడా వేధింపే. ఎండిపోయిన నాలుక, నెలల తరబడి తీయని గోళ్ళు, పగిలిన కళ్ళజోడు, ఎక్కడుందో ఎవరికీ తెలియని పళ్ళసెట్టు, రాసిచ్చినా కొనని మందులు. పడక పుండ్లు మంచిగా చూసుకున్నా వస్తాయి, నిజమే, కానీ అంత లోతు పుండు వచ్చేదాకా ఎవరికీ చూపించలేదెందుకని అడగాలి కదా. డబ్బు సంగతి సరేసరి, మంచం మీదున్న మనిషి చేత కాగితాల మీద సంతకాలు పెట్టించుకునేవాళ్ళని మీరూ చూసే ఉంటారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం అరవై దాటినవాళ్ళలో ఏడాదిలో ఆరుగురిలో ఒకరు ఏదో ఒక వేధింపు పడుతున్నారు. బయటికొచ్చేది 24 కేసుల్లో ఒకటేనని వాళ్ళ అంచనా. చెప్పేవాళ్ళు లేక కాదు, విడిగా అడిగేవాళ్ళు లేక అని నా అనుమానం. కెనడాలో ఇలాంటి వేధింపుని పసిగట్టడానికి డాక్టర్ల కోసం ఆరు ప్రశ్నల చిన్న పట్టిక తయారుచేశారు, అందులో అయిదు పేషెంటుని అడిగేవి, ఆరోది డాక్టరు తన కళ్ళతో చూసి జవాబు రాసుకునేది. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళకి అది పనికిరాదు, అక్కడ మాటలకన్నా ఒంటి భాష చూడాలి, ఎవరు దగ్గరికొస్తే ముడుచుకుపోతున్నారో చూడాలి.

ఇప్పుడు కాస్త ఇబ్బంది పెట్టే మాట. వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో పనిచేసేవాళ్ళని అడిగితే ముగ్గురిలో ఇద్దరు, గడిచిన ఏడాదిలో తామూ పెద్దవాళ్ళని ఏదో ఒక రకంగా వేధించామని ఒప్పుకున్నారు. అంటే వాళ్ళేదో రాక్షసులని కాదు. బాత్రూంకి తీసుకెళ్ళమంటే "డైపరుందిగా, అందులో పోయండి" అనడం, బెల్ అందకుండా పెట్టడం, మన రాత్రి ప్రశాంతంగా గడవాలని నిద్రమాత్ర వేయడం, చేతులు మంచానికి కట్టేయడం. ఇవి నేను చూశాను, ఒకటి రెండు చేశాను కూడా.

అనుమానం వస్తే కొడుకుని అక్కడే నిలదీయకండి, ఇంటికెళ్ళాక ఆ కోపం ఆవిడ మీదే పడుతుంది. ఆవిడ అన్న మాటలు అన్నట్టుగానే రాయండి, బొమ్మ గీసి గాయాలు గుర్తించండి, ఒప్పుకుంటేనే ఫొటో తీయండి, సీనియర్‌కీ సోషల్ వర్కర్‌కీ చెప్పండి. కొన్ని చోట్ల పైకి తెలియజేయడం చట్టప్రకారం తప్పనిసరి, మీ దగ్గర నియమం ఏమిటో ముందే తెలుసుకుని ఉండండి. ఇంటికెళ్తే ప్రాణానికి ముప్పు అనిపిస్తే ఆ రాత్రికి డిశ్చార్జి ఆపండి. తన మంచిచెడ్డలు తాను ఆలోచించుకోగలిగిన మనిషి "వద్దమ్మా, ఎవరికీ చెప్పకు" అంటే, మళ్ళీ రావడానికి ఒక తేదీ, ఫోన్ చేయడానికి ఒక నంబరు ఇచ్చి పంపండి. కొడుకుని కూడా వేరుగా కూర్చోబెట్టి "రాత్రుళ్ళు నువ్వు నిద్రపోతున్నావా?" అని అడిగి చూడండి, ఒక్కోసారి అక్కడే ఏడ్చేస్తారు.

సరే, ఇక ఇద్దరిద్దరుగా విడిపోండి. ఒకరు కొడుకు, ఒకరు నర్సు. గొడవ కాకుండా, అనుమానం రాకుండా ఆ కొడుకుని అయిదు నిమిషాలు గదిలోంచి ఎలా పంపుతారో చేసి చూపించండి. "ఫారం నింపి రండి" అనేది నేను వాడేసుకున్నాను, ఇంకోటి ఆలోచించండి.